తాడు తోక

పెళ్ళయి నెల తిరక్కుండానే పెళ్ళానికి పరీక్ష పెట్టిన మొగుడు ఈ కృష్ణా గోదావరుల మధ్య మా ఆయనొక్కరే అయి ఉంటారు. మద్రాసులో బి.ఏ.కి కూడా నేనింత శ్రద్ధగా చదవలేదు.

ఆయన పేరు భీమశంకరం. సర్వే డిపార్టుమెంటులో, కాశ్మీరు వైపు మంచుకొండలు కొలిచే ఉద్యోగం. ఏప్రిల్లో సెలవు అయిపోతుంది. అప్పుడు నేనూ ఆయనతో రైలెక్కుతానా, లేక ఏడాదంతా ఏలూరులో అత్తగారి పక్కన కూర్చుని అప్పడాలు వత్తుతానా అన్నది తేలాలి.

"తాడు కట్టుకుని నడవడం వస్తే తీసుకెళ్తాను. లేకపోతే లేదు, సూర్యకాంతం" అన్నారు.

"ఏలూరులో మంచెక్కడుందండీ నేర్చుకోడానికి?"

"కొల్లేరుందిగా! ఫాల్గుణంలో నీరు తీస్తుంది. ఆ బురదా, మా మంచూ ఒకటే. పైకి గట్టిగా కనిపిస్తాయి, కాలు పెడితే దిగిపోతాయి."

ఆ రోజే పెట్టె విప్పారు. దొరలు వాడి వదిలేసిన స్కీలు రెండు జతలున్నాయి. మంచుమీద జారడానికి కాళ్ళకు కట్టుకునే పొడవాటి చెక్కలు, ముక్కులు పైకి తిరిగి ఉంటాయి. మా అత్తగారు వాటిని చూసి, "నాగళ్ళు తెచ్చావేంట్రా?" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. నూలు మేజోళ్ళు పనికిరావట, తడిస్తే తడిసినట్టే ఉంటాయట. ఉన్ని అయితే తడిసినా వెచ్చగానే ఉంటుందట. అందుకని తివాచీలు నేసే హబీబుగారి ఇంటినుంచి ఉన్ని తెప్పించి నేనే రెండు జతలు అల్లాను. ఒకదానికంటే ఒకటి బెత్తెడు పొడుగొచ్చింది. ఆయన మారు మాట్లాడకుండా తొడుక్కున్నారు. అలాంటి మనిషితో మంచుకేమిటి, నిప్పుల్లోకైనా వెళ్ళొచ్చనిపించింది.

తరవాత మర్యాదల పాఠం. పడకగదిలో ఆ మూల ఆయన, ఈ మూల నేను, మధ్య తాడు. తాడును తొక్కితే అవతలి మనిషిని తొక్కినట్టే. వెనకవాళ్ళు ఎంత మెల్లగా నడిస్తే అందరూ అంత మెల్లగా నడవాలి. మాట వినిపించని చోట తాడే మాట్లాడుతుంది: ఒకసారి లాగితే ఆగమని, రెండుసార్లు లాగితే వెళ్ళమని, మూడుసార్లు లాగితే పడిపోతున్నాను పట్టుకోమని. కష్టమొస్తే దాచకూడదు, వెంటనే చెప్పాలి. అవతలివాళ్ళని అడక్కుండా ముడి విప్పకూడదు. ఈ చివరి మాట మాత్రం ఆయన నా ముఖం చూసి చెప్పలేదు.

ముందురోజే మండవల్లి చేరి, మా పెద్దమ్మగారింట్లో పడుకుని, తెల్లవారి కొల్లేటి ఒడ్డుకు వెళ్ళాం. దారి చూపడానికి పాపమ్మ వచ్చింది. ఆవిడ ఆ బురదలోనే పుట్టి పెరిగిన మనిషి. చేతిలో వెదురుగడ, కాళ్ళకింద తాటిపట్టె ముక్కలు, అంతే. మా సరంజామా చూసి నోరు నొక్కుకుంది.

"ఇంత చెక్క తగిలించుకుని ఎక్కడికమ్మా, పెళ్ళికా?"

"పెళ్ళి అయిపోయింది పాపమ్మా. ఇది ఆ తరవాతది."

చీర గోచీపోసి కట్టి, చేత నేనూ ఒక గడ పట్టుకున్నాను. ముందు పాపమ్మ, తాడు లేకుండా. ఆమె వెనక ఆయన. ఆరు బారల తాడు వదిలి చివర నేను. నా నడుం దగ్గర ముడి వేశాక ఇంకో మూడు బారలు మిగిలింది. ఎవరైనా గోతిలో పడితే విసరడానికి పనికొస్తుందని, కొండమీద దాన్ని వెనక ఈడ్చుకుంటూ పోవడమే రివాజట. పాపమ్మ చూసి ఆగిపోయింది.

"తోక వదలమాకండమ్మా. చుట్టి నడుంలో దోపుకోండి. బురదలో ఉన్నోళ్ళకి ఏది దొరికినా పట్టుకుంటారు."

"ఎవరు?"

"ఎవరైతేనేం? పోయినోళ్ళు."

ఆయన నవ్వి, "ఉండనీ, అదే పద్ధతి" అన్నారు. కొండకు ఆయన గురువు కాబట్టి నేను ఆయన మాటే విన్నాను.

ఎదుటి లంక అరమైలు దూరం. అక్కడికి చేరితే నేను నెగ్గినట్టు. స్కీలు బురదమీద ఎంత బాగా జారాయనుకున్నారు! నీలం రంగు నీటికోళ్ళు తుంగలోంచి తల ఎత్తి మమ్మల్ని చూస్తున్నాయి. ఒకచోట బురదలో ఇరుక్కున్న తామరమొగ్గ కనపడితే, పరీక్ష అని కూడా మరిచిపోయి వంగి చూశాను.

అప్పుడు పొగమంచు దిగింది. నిమిషంలో పాపమ్మ మాయమైంది, ఆమె గడ చప్పుడు మాత్రం మిగిలింది. ఇంకో నిమిషంలో ఆయనా మాయమయ్యారు. నా ముందు నాలుగు బారల తాడు, దాని తరవాత తెల్లదనం.

వెనకనుంచి తాడు లాగింది.

తుంగమొదలు తగులుకుందనుకున్నాను. నాలుగు అడుగులు వేశాను. మళ్ళీ ఒక్కసారి లాగింది. ఒకసారంటే ఆగమని. పాఠం ఒంటబట్టిన దాన్ని, ఆగాను. వెనక చప్పుడు లేదు. నడిచాను. వెనక ఏదో బరువు నాతోపాటే నడిచింది. నేను ఆగితే ఆగింది. తొందరపడలేదు, ఈడ్వలేదు. తాడు ఎంత బిగువుండాలో అంతే బిగువు. చాలా మర్యాద తెలిసిన నడక.

"ఏంటి మెల్లగా వస్తున్నావ్?" ముందునుంచి ఆయన గొంతు.

చెప్పాలి. కానీ భయపడ్డానంటే ఏప్రిల్లో ఆయనొక్కరే రైలెక్కుతారు. "ఏం లేదండీ, కొంగు సర్దుకుంటున్నాను" అన్నాను.

ఇంకో యాభై అడుగులు వెళ్ళి ఉంటాం. వెనక తాడు మూడుసార్లు లాగింది. చిన్నగా, విడివిడిగా, చేయి తిరిగిన మనిషి లాగినట్టు. ఆ వెంటనే బరువంతా నా నడుంమీద పడింది. నేర్చుకున్నట్టే స్కీలు అడ్డంగా తిప్పి, గడ గుచ్చి కూలబడ్డాను. స్కీలు రెండూ వెనక్కి జారుతూనే ఉన్నాయి.

"ఏవండీ!"

ఆయన తాడు పట్టుకుని పొగమంచులోంచి వచ్చారు. నా వెనక చూశారు. మూడు బారల తాడు బురదకు జానెడు ఎత్తున, తీగలా బిగిసి పొగమంచులోకి పోతోంది. ఆయన జేబులోంచి చాకు తీశారు.

"వద్దండీ! అడక్కుండా విప్పకూడదని మీరే కదా అన్నారు?"

"అడగడానికి అక్కడెవరున్నారు?" అన్నారు. కానీ చేయి కదలలేదు.

నాకు ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కొత్తవారితో మాట్లాడినట్టే, వెనక్కి తిరిగి అడిగాను: "ఏవండీ, మేము లంకకు వెళ్ళాలి. మిమ్మల్ని పైకి తీసే శక్తి మాకు లేదు. ముడి విప్పమంటారా?"

ముందు పాపమ్మ గడ చప్పుడు ఆగిపోయింది.

తాడు ఒకసారి లాగింది. ఆగమని. ఆగాం. ఊపిరి కూడా మెల్లగా వదిలాం.

తరవాత రెండుసార్లు లాగింది.

నేనే ముడి విప్పాను. తాడును విసిరేయలేదు, తొక్కలేదు, మెల్లగా బురదమీద పెట్టాను. అది నిదానంగా తెల్లదనంలోకి వెళ్ళిపోయింది. ఇవతల మా ఇద్దరి మధ్య ఉన్న ఆరు బారలు కూడా దానివెంటే జారుతుంటే, ఆయన గబగబా తన నడుం ముడి కూడా విప్పి వదిలేశారు.

ఎండ వచ్చేసరికి లంకమీద ఉన్నాం. పాపమ్మ మావైపు చూడకుండా గడ కడుక్కుంటూ అంది: "మా కొల్లేటోళ్ళయితే అడగరు బాబుగోరూ, పట్టుకుంటే పట్టుకోడమే. ఈ రెండు లాగుళ్ళూ మూడు లాగుళ్ళూ మా వోళ్ళకి తెలవదు."

ఆయన బురద స్కీలమీదే కూలబడ్డారు. అప్పుడు చెప్పారు. హుస్సేన్ అని తాడేపల్లిగూడెం అబ్బాయి, సర్వేలో ఖలాసీ, ఆ ఉద్యోగం ఈయనే వేయించారు. మూడేళ్ళ కిందట మంచు పగుల్లో పడ్డాడు. తాడు మూడుసార్లు లాగాడు. ఈయన గంటసేపు పట్టుకున్నారు.

"తరవాత?"

"తరవాత ముడి విప్పాను. అడగలేదు. తాడు తెగిందని ఆఫీసులో రాసిచ్చాను. వాళ్ళమ్మకీ అదే చెప్పాను."

నాకు చలివేసింది. అయినా ఆయన కాళ్ళవైపు చూస్తే పొడుగు మేజోడు జారిపోయి మడమ దగ్గర కుప్పపడి ఉంది. వంగి పైకి లాగాను. ఆయన నా చేయి పట్టుకుని, "నువ్వు నెగ్గావు. కానీ నాతో రమ్మనే ముఖం నాకు లేదు" అన్నారు.

"నేనేం నెగ్గలేదు. మూడుసార్లు లాగేదాకా మీకు చెప్పలేదు. ఇద్దరం పద్ధతి తప్పినవాళ్ళమే. అందుకే వస్తాను" అన్నాను.

తిరుగు ప్రయాణంలో ఏలూరుకు నేరుగా వెళ్ళలేదు. తాడేపల్లిగూడెంలో దిగి, అడుగుతూ అడుగుతూ హుస్సేన్ తల్లి ఖదీజమ్మ ఇల్లు పట్టుకున్నాం. ఆయన గుమ్మం బయటే నిలబడి, కొండమీద జరిగిందీ కొల్లేట్లో జరిగిందీ ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ ఆయన బూట్లమీద ఎండిన బురద చూస్తూ కూర్చుని, నన్ను అడిగింది.

"వెళ్ళమన్నాడా, అమ్మా?"

"అన్నాడండీ. రెండుసార్లు."

"మొన్న తెల్లారగట్ల నాకూ చెప్పాడు" అంది ఖదీజమ్మ. "మీ ఆయన కొండకి మళ్ళీ వెళ్తున్నాడంట. ఈసారి ఆడమనిషి కూడా ఉంది, నేను చివర నడుస్తానమ్మా అన్నాడు."