పటాల వరస

హారతి మీద అరచేతులు చూపి, ఆ వెచ్చదనాన్ని కూతురు మృదుల కళ్ళకు అద్దాడు కొమరయ్య. ఒంటి మీద అప్పటికే పనిలో వేసుకునే మెరిసే పట్టీల చొక్కా, కాళ్ళకు మందపాటి మేజోళ్ళు. వాన్ అనే ఆ విదేశీ ఊళ్ళో వాళ్ళుండే బేస్‌మెంట్‌లో బట్టల అలమర పైఅరే దేవుడి గది.

"ఇప్పుడు చెప్పు బిడ్డా," అన్నాడు.

ఆరేళ్ళ మృదులకు మోకాళ్ళు వాచే కీళ్ళ జబ్బు ఉంది. అది కళ్ళకు కూడా పాకుతుందనీ, నొప్పి తెలియదనీ, ఎరుపు కనబడదనీ, అందుకే మూడు నెలలకోసారి తప్పకుండా చూపించాలనీ కళ్ళ డాక్టరమ్మ చెప్పింది. రెండుసార్లు తప్పిపోయింది. భార్య వాసంతికి కాలేజీ మానితే కుదరదు. కొమరయ్య పెట్టెలు మోసే వేర్‌హౌస్ ముందేమో కొత్తగా దిగిన స్టూడెంట్లు పనికోసం చలిలో బారులు తీరుతున్నారు.

"ఒక్క దినం రాకే అన్నా, చాలు. నీ జాగల నలుగురం నిలబడ్తం," అన్నాడు వాళ్ళలో ఒకడు, అభిరామ్, నవ్వుతూ. కొమరయ్య కూడా నవ్వాడు. నవ్వి, పక్కకెళ్ళి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ వాయిదా వేయించాడు.

దానికి బదులు తనే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. పూజయ్యాక పిల్ల పటాలు చూసి దేవుళ్ళ పేర్లు చెప్పాలి. రోజూ గడగడా చెప్పేది. స్వామి ఎదుట తప్పు జరగదని అతని నమ్మకం.

"గణేశ్, వెంకన్న, దుర్గమ్మ, నర్సింహస్వామి," అంది మృదుల.

కొమరయ్య బూట్లు అందుకోబోయి ఆగాడు. నిన్న సాయంత్రం వాసంతి పటాలు తుడిచి వరస మార్చి పెట్టింది. ఇప్పుడు మొదట ఉన్నది దుర్గమ్మ.

"ఆటలాడుతున్నవా? మంచిగ చూడు."

"చూస్తున్నా కదా డాడీ. ఫస్ట్ గణేశ్. ఎవ్రీడే గణేశే."

అతను ఆమె ముందు కూర్చుని కుడికన్నును అరచేత్తో మూశాడు.

"ఇప్పుడు?"

"ఈ కన్ను పని చెయ్యదు డాడీ," అంది తెరిచి ఉన్న ఎడమకన్ను తాకుతూ, పాడైపోయిన బొమ్మ గురించి చెప్పినట్టు.

"ఎప్పటిసంది?"

"ఐ డోంట్ నో. నువ్వు అడగలే కదా."

వాసంతి అప్పటికే బస్సెక్కేసింది. కొమరయ్య పని మానేసి పిల్లను తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ యంత్రం వెనక చాలాసేపు ఉండిపోయింది. ఎడమకంటి చూపు ఇక రాదనీ, కుడికన్ను కూడా మసకబారిందనీ, దాన్నయినా నిలబెట్టడానికి ప్రయత్నిద్దామనీ, మాట మాత్రం ఇవ్వలేననీ మెల్లగా చెప్పింది. ప్రతిదానికీ కొమరయ్య "ఎస్ డాక్టర్" అన్నాడు. ఆవిడ తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు.

నీ ముఖం కనబడకుండానే పిల్ల నీ పేరు చెప్తుంటే రోజూ విన్నావు గదా స్వామీ, ఒక్కనాడైనా... అనుకోబోయాడు. పక్కన నిలబడి విన్నది తనూ కదా. ఆ మాట పూర్తి చేయలేకపోయాడు.

వెళ్ళేముందు నర్సు స్టిక్కర్ల డబ్బా తెరిచి పట్టింది. మృదుల అందులోకి చూడలేదు. వేళ్ళకు తగిలిన మొదటిదాన్ని తీసుకుని "థాంక్యూ" అంది. నాన్న కోటు తొడుగుతుంటే అది చేతిలోంచి జారింది. ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. పిల్లలు కూర్చునే చిన్న కుర్చీలో, బొమ్మ కిందికి పోయి, తెల్లటి వెనకవైపు పైకి తేలి, ఆ స్టిక్కరు ఉండిపోయింది.