హెస్టర్ అల్లిన వల

నేను ఒక వలను. కుందేళ్ల వలను. ఇంగ్లండులో ఓ కూలివాడి గుడిసెలో, అతని భార్య హెస్టర్ చేతుల్లో జనపనార దారంతో పుట్టాను. ఆ ఊళ్లో వల అల్లే ఆడవాళ్లందరికీ ఎవరి ముడి వారిదే. హెస్టర్ దారాన్ని వేలికి రెండు చుట్లు తిప్పి పళ్లతో బిగించేది.

ఊరి బీడు ఒకప్పుడు అందరిదీ. దొర కంచె వేసుకున్నాడు. వేసింది దొర, దొంగ అయింది ఊరు! గడ్డి మేసే జంతువుకు యజమాని ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కుందేలుకూ అర్థం కాలేదు. అది కంచె కింద దూరివచ్చి పేదవాడి క్యాబేజీ తింటూనే ఉండేది. దానికి శిక్ష లేదు. దాన్ని పట్టి పిల్లలకు వండిపెట్టిన వాడికి మాత్రం సముద్రాల అవతల ఆస్ట్రేలియాలో ఏడేళ్ల వెట్టి.

ఒక తెల్లవారుజామున హెస్టర్ మొగుడు జేబెజ్‌ను దొర కాపలాదారు పట్టుకున్నాడు. సంచిలో నేనూ, ఒక కుందేలూ. న్యాయపీఠం మీద కూర్చున్నది ఎవరనుకున్నారు? ఆ దొరే, పక్కన అతని విందు నేస్తాలు.

"సంచి దారిలో దొరికింది" అని జేబెజ్ బుకాయిస్తున్నాడు. హెస్టర్ ఆగలేకపోయింది.

"ఆ వల నాది దొరా! ముడి చూడండి, నా చేతి ముడి. శిక్ష నాకెయ్యండి, ఆయన్ని వదలండి."

"నోర్ముయ్యవే పిచ్చిదానా!" అని అరిచాడు జేబెజ్.

దొర నవ్వాడు. "పెళ్లయినదానికి నీదంటూ ఏముంటుందమ్మా? చట్టం ప్రకారం నీ ఒంటిమీది గౌను కూడా నీ మొగుడిదే. వల అతనిదని నువ్వే తేల్చేశావు. సాక్షుల పని తప్పింది."

జేబెజ్‌ను ఓడ ఎక్కించారు. నన్ను దొర తన స్ట్రాబెర్రీ మళ్ల మీద పరిపించాడు, పిట్టలు వాలకుండా. పేదవాడి సంచిలో నేరాన్ని, దొర తోటలో సామానును!

తననూ పంపమని హెస్టర్ కాళ్లావేళ్లా పడింది. ఖైదీల ఓడలో ఖైదీలకే చోటన్నారు. సరే అనుకుంది. మిట్టమధ్యాహ్నం తోటమాలులందరూ చూస్తుండగా వచ్చి నన్ను చుట్టి చంకన పెట్టుకుంది.

"ఏమిటే ఇది, పట్టపగలు?" అన్నాడు కాపలాదారు.

"దొంగతనం. కళ్లు లేవా? పట్టుకో!"

మళ్లీ అదే కోర్టు, అదే దొర. హెస్టర్ ఈసారి తల ఎత్తి మాట్లాడింది. "వల మీదే దొరా, నేనే దొంగిలించాను. మొగుడు దేశంలో లేడు. ఈ నేరమైనా నాదే కదా? పంపండి నన్ను."

దొరకు సంగతి తెలిసిపోయింది. "పోనీ పాపం, వదిలెయ్యండి. మేమేం రాక్షసులం కాదు" అన్నాడు. పత్రికలవాళ్లు ఆ దయను మెచ్చుకుంటూ రాసుకున్నారు. "దొంగని వదిలేస్తారా? ఇదేం కోర్టురా!" అని అరుస్తున్న హెస్టర్‌ను బంట్రోతులు బయటకు ఈడ్చి తలుపు వేశారు. ఆమె గుప్పిళ్లతో ఆ తలుపును బాదుతూనే ఉంది. ఎవరూ తీయలేదు.

ఇప్పుడు ఆ దొర భవనం మ్యూజియం అయింది, నేను అందులో గాజు పెట్టెలో ఉన్నాను. కింద అట్ట మీద 'పాతకాలపు పల్లె వినోదం' అని రాశారు. మీరొచ్చి చదివి, ముచ్చటపడి పోతున్నారు.

వినోదమట! ఈ అద్దం పగలగొట్టడానికి నాకు చేతుల్లేవు. మీకున్నాయి కదా?