దిచా పుట్టుక

ఇదంతా ఫెర్మీన్ నిర్వాకమే. కసిల్దాకు అక్క కూతురైన నియేవెస్ మొగుడు. బళ్లో లాటిన్ చెబుతాడు, ఇంట్లోనూ ఊరుకోడు. రేపు జ్ఞానస్నానంలో తన బిడ్డకు జ్ఞానతల్లిగా నిలబడబోయే మనిషితో అనాల్సిన మాటలా అవి?

"అత్తయ్యా, ఆనందాన్ని మనం 'దిచా' అంటామే, దాని పుట్టుక తెలుసా? లాటిన్‌లో 'చెప్పినవి' అని. బిడ్డ పుట్టగానే దేవతలు ఏమంటే అదే దాని రాత అని పూర్వం నమ్మేవాళ్లు. మన భాషలో చెప్పడం, దీవెన, శాపం అన్నీ ఆ మాటకి చుట్టాలే!"

"మరి దౌర్భాగ్యాన్ని 'దెస్దిచా' అంటామే?"

"అదీ ఆ ఇంటిదే."

శనగలు ఏరుతున్న కసిల్దా చేతులు ఆగిపోయాయి. తను పుట్టినప్పుడు నాన్న గుమ్మంలోంచే "మళ్లీ ఆడపిల్లా, ఎంత దెస్దిచా!" అని వెళ్లిపోయాడట. అమ్మ నవ్వుతూ చెప్పేది. కుదిరిన పెళ్లి రెండుసార్లు తప్పిపోయింది. అది ఆ మాట వల్లేనా? ఛ, కాదేమో. ఏమో!

"అయితే రేపు నా నోట ఏదొస్తే పిల్లకి అదే జరుగుతుందా?"

"అబ్బే, అది పాతకాలపు నమ్మకం అత్తయ్యా," అని ఫెర్మీన్ నవ్వాడు.

"అయోమయంలో పడేసి నవ్వుతావేమయ్యా! నేనిప్పుడు ఏమని చావను?"

ఈ ఊళ్లో చర్చి గుమ్మం దగ్గర పాదిరి అడిగే ప్రశ్నకు బిడ్డ తరఫున జవాబు చెప్పేది జ్ఞానతల్లే. ఆదివారం ఊరంతా చూస్తుండగా ఆయన అడగనే అడిగాడు.

"ఈ బిడ్డకు ఏం కోరుతున్నారు?"

జ్ఞానస్నానం అనాలి, అంతే. అది పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ అదొక్కటే అంటే చాలుతుందా? ఆరోగ్యం అననా? మంచి మొగుడు అంటే, అసలు మొగుడే వద్దనుకుంటే? ఏది మరిచిపోతే అది పిల్లకి లేకుండా పోతుందేమో!

"పిన్నీ, జ్ఞానస్నానం అను!" నియేవెస్ మోచేత్తో పొడిచింది.

ఇంతలో చలిగాలి కొట్టి బిడ్డ గుక్కపట్టింది. కసిల్దా అన్నీ మరిచిపోయి దాన్ని గుండెకు హత్తుకుంది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. ఆడపిల్లవై పుట్టావు, మా ఇంటికొచ్చావు. మాకెంత దిచా!"

పాదిరి గొంతు సవరించుకున్నాడు. "అది జవాబు కాదమ్మా."

"తెలుసు ఫాదర్," అంది కసిల్దా కళ్లు తుడుచుకుంటూ. "నేను పుట్టినప్పుడు నాకెవరూ అనలేదు. అందుకని దీనికి ముందే అనేశాను. ఇప్పుడు అడగండి, చెబుతాను."