వెనకవైపు గీత

ఛీ, ఆ కార్డుల మొహం చూడాలంటేనే ఆమెకు వెగటు పుట్టింది. పొద్దున్న దాకా వాటిని కళ్లకద్దుకున్నది తనే మరి.

మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఎనిమిదేళ్లుగా సీసాలు కడుగుతోంది. అందరూ ‘సీసాలూ’ అనే పిలుస్తారు. రేపు పెద్ద కెమిస్టు పెట్టే పరీక్ష గట్టెక్కితే మందు శాంపిళ్లు చూసే బల్ల దగ్గరికి మారుస్తారు. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే జన్మంతా ఆ తొట్టి కంపే! కొన్ని అణువులకు కుడిచెయ్యి, ఎడమచెయ్యిలాగా రెండు రూపాలుంటాయి. ఒకటి మందైతే రెండోది దండగ. ఏది ‘ఆర్’, ఏది ‘ఎస్’ అని చెప్పడమే పరీక్ష.

దానికోసం ముందు అణువు బొమ్మ, వెనక జవాబు ఉన్న కార్డులు వదిన చేత చేయించుకుని, నాలుగు అరల పెట్టెలో పెట్టుకుంది. మొదటి అరలోవి రోజూ చూడాలి. సరిగ్గా చెబితే కార్డు మూడు రోజుల అరలోకి, తర్వాత వారం అరలోకి, ఆ తర్వాత నెల అరలోకి వెళ్తుంది. తప్పితే మళ్లీ మొదటికే. మూడు నెలల్లో నూట ఇరవై కార్డులూ నెల అరకి చేరాయి. ఎంత మురిసిపోయిందో పిచ్చిది!

ఇవాళ మధ్యాహ్నం చిన్న కెమిస్టు జాలిపడి, గోళీలూ పుల్లలూ గుచ్చిన నమూనాలు చేతికిచ్చాడు. అచ్చం కార్డు మీది బొమ్మే. కార్డు వెనక ‘ఆర్’ అని ఉంది, నమూనా చీటీ మీద ‘ఎస్’ అని ఉంది. పదకొండు చూసింది. పదకొండూ తిరగబడ్డాయి.

ఇంటికొచ్చేసరికి వదిన కుట్టుమిషను ముందుంది.

“ఈ బొమ్మలు ఎలా దించావు వదినా?”

“ఎలాగేముంది, నువ్విచ్చిన పల్చటి బొమ్మల కాగితాలు తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి దించాను. గుడ్డకైనా గీత వెనకవైపేగా గీస్తాం. అక్షరాలు మాత్రం సరిచేశాలే.”

“నా నోట్లో మట్టి కొట్టావు కదా! అన్నీ అద్దంలో బొమ్మలైపోయాయి!”

వదిన మెళ్లో టేపు తీసి పక్కన పెట్టింది. “నాకు రాదమ్మా ఆ చదువు. నీకు వచ్చుగా? మూడు నెలలు చూశావు, ఒక్కరోజైనా తేడా తెలీలేదా?”

సీసాలుకి తెలిసేదెలా? కార్డు వంగిన మూల చూసి ‘ఆర్’ అనేది, మిషను నూనె మరక చూసి ‘ఎస్’ అనేది. అణువుకేసి చూసిన పాపాన పోలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

“పోనీ, రేపు అన్నీ తిరగేసి చెప్పెయ్” అంది వదిన, తప్పు తనదేనన్నట్టు.

“కుదరదు వదినా. నమూనా చేతికిచ్చి, ఎలా చెప్పావో తిప్పి చూపించమంటారు.”

నెల అరలోని కార్డులన్నీ బల్ల మీద కుమ్మరించింది. మొదటిది తీసింది. అణువు నడిమధ్యకి అతుక్కున్న నాలుగింటిలో అన్నిటికంటే తేలికైనదాన్ని వెనక్కి ఊహించుకుని, మిగతా మూడింటినీ బరువు తగ్గే వరసలో వేలితో చుట్టింది. వేలు గడియారం ముల్లులా తిరిగితే ‘ఆర్’; ఇది ఎదురు తిరిగింది.

“ఎస్” అని, వెనక ఉన్న ‘ఆర్’ కొట్టేసి, కార్డుని రోజూ చూసే అరలో వేసింది.

“అదేంటి, సరిగ్గానే చెప్పావుగా? పై అరలోకి వెళ్లదూ?”

“వెళ్లదు వదినా. దీన్ని ఇవాళే కదా చూడ్డం.”