దుప్పటి కప్పిన పటం

సుమలతకు కోపం రావడం కొత్త కాదు. అమీర్‌పేటలో పద్నాలుగేళ్లుగా పెళ్లికూతుళ్ల జాకెట్లకు మగ్గం వర్క్ చేసి బతికే మనిషికి కోపం రాకపోతేనే విచిత్రం. కాకపోతే మామూలుగా వచ్చే కోపం సాయంత్రానికి చల్లారుతుంది. ఈసారిది నెలరోజులైనా తగ్గలేదు.

అంతా తల్లి బుచ్చవ్వ వల్లే. సిరిసిల్లలో నేత మగ్గం ఆగిపోయాక కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్న ముసలామె. ఒంట్లో ఎప్పటి నుంచో బాగాలేదు. ఏమైందని అడిగితే "కడుపునొప్పి" అంటుంది. వీధి చివరి డాక్టరు గ్యాస్ గోళీలు రాశాడు. అయిపోతే మళ్లీ అవే రాశాడు. కిందటి నెల ఆమె కూర్చోలేక లేవలేక పడుతున్న అవస్థ చూసి సుమలత లేడీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. "ఎక్కడమ్మా నొప్పి?" అని ఆవిడ అడిగితే బుచ్చవ్వ బొడ్డు చూపించింది. బల్ల మీద పడుకోమంటే కొంగు బిగించుకుని బయటికొచ్చేసింది.

"నీకు నోరు లేదా అవ్వా? యాడ నొస్తుందో పేరు పెట్టి చెప్పనీకి ఏమైతది?" అని మెట్ల మీదే అరిచింది సుమలత.

"గా మాట నోట్ల ఎట్ల పెట్టుకోను బిడ్డా? గది తిట్టు గద!"

నిజమే. మైత్రీవనం చౌరస్తాలో బండ్లు గుద్దుకుంటే మగవాళ్లు ఒకరినొకరు తిట్టుకునేది ఆ మాటతోనే. పుట్టినప్పటి నుంచి తల్లికి ఆ చోటు పేరు తిట్టుగా వినపడిందే తప్ప ఒంటి భాగంగా ఎవరు చెప్పారు గనుక? కన్న కూతురు మాత్రం ఏం చెప్పింది? తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలోనే ఎర్ర వెల్వెట్ గుడ్డను మగ్గానికి బిగించింది. షాపు పైన హాస్టల్లో ఉండే నర్సింగ్ పిల్ల దగ్గర పుస్తకం అడిగి తెచ్చి, అందులోని ఆడవాళ్ల అవయవాల బొమ్మను ఉన్నది ఉన్నట్టు సుద్దతో గీసింది. గిరాకీల పని అయ్యాక రోజూ కూర్చుని పట్టుదారంతో, జరీతో కుట్టింది. పువ్వులు పెట్టలేదు, లతలు పెట్టలేదు. ఒక్కో భాగం పక్కన బంగారు జరీతో తెలుగులో పేరు కుట్టింది. ఇరవై రెండు రోజులు పట్టింది.

పంజాగుట్టలో ఒక హాల్లో ఆడవాళ్ల చేతిపనుల ప్రదర్శన ఉందంటే చెక్క చట్రానికి బిగించి పటంలా చేసి అక్కడికి ఇచ్చింది. షాపులో చూపిస్తే బుచ్చవ్వ మొహం తిప్పుకుంటుంది. పదిమంది నిలబడి మర్యాదగా చూస్తుంటే ఆమె కూడా చూస్తుందేమో, చూస్తే నోరు విప్పుతుందేమో అని ఆశ. తల్లికి "కుట్టుపని పెట్టిన, చూద్దువు రా" అని మాత్రమే చెప్పింది.

ప్రదర్శన రోజు పదకొండింటికి ఇద్దరూ హాల్లోకి వెళ్లేసరికి పటం మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది. నిర్వాహకుడు రవికాంత్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"సుమలత గారూ, పనితనం అద్భుతమండీ, కాదనను. కానీ ఫ్యామిలీలు వస్తారు కదా. ఆ పేర్లు విప్పేయండి. 'కమలం' అని చిన్న కార్డు పెడదాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"కమలమెందుకైతది సార్? మిమ్మల్ని కన్న తల్లికి కమలముండెనా?"

రవికాంత్ మొహం మాడిపోయింది. "ఏంటండీ ఆ మాటలు?" అని బుచ్చవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, పెద్దవారు, మీరైనా చెప్పండి."

ముసలామె తన పక్షమే అనుకున్నాడు పాపం. బుచ్చవ్వ నడుం పట్టుకుని మెల్లగా వెళ్లి దుప్పటి లాగేసింది. కిందపడ్డ దుప్పటిని చూడలేదు, పటాన్నే చూసింది. చాలాసేపు చూసింది. నేతపని చేసిన చెయ్యి కదా, ముందు బొటనవేలితో కుట్టు తడిమింది.

"పని మంచిగున్నది. గీ అచ్చరాలేంది?"

సుమలత చెప్పబోయింది. కానీ బుచ్చవ్వ రవికాంత్‌నే చూస్తోంది. "నాకు సదువు రాదు. నువ్వు సదువుకున్నోనివి గద బిడ్డా, సదువు."

"గర్భసంచి," అన్నాడు రవికాంత్. "ఇది అండాశయం." మూడో పేరు దగ్గర ఆగిపోయి ఫోన్ తీసి చూసుకున్నాడు.

"గంత సదువు సదివినవ్, రెండు అచ్చరాలు రావా?"

చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. సుమలత గొంతెత్తి చదివింది. "యోని."

"యోని," అంది బుచ్చవ్వ. అని, పటం మీద వేలు పెట్టింది. "నొప్పి గీడ. నెత్తురు సుత గీడికెల్లే. ముట్లాగి పదేండ్లాయె. మూడేండ్ల సంది మల్ల నెత్తురు పడుతున్నది."

సుమలత లెక్క వేసుకుంది. మూడేళ్లు. ఒకే గదిలో పక్కపక్కన పడుకుంటూ మూడేళ్లు. ఎవరికీ తెలియకుండా గుడ్డలు ఉతుక్కుంటూ ఈ మనిషి గ్యాస్ గోళీలు మింగింది! ఆ డాక్టరు చెంప పగలగొట్టాలనిపించింది. అంతకన్నా ముందు తన చెంప.

రవికాంత్ వంగి దుప్పటి అందుకోబోయాడు. బుచ్చవ్వ దాని మీద కాలు పెట్టింది.

"ముట్టకు."

"పద అవ్వా, దవాఖానకు పోదాం," అంటూ సుమలత పటం దించబోయింది, డాక్టరుకు చూపిద్దామని. బుచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. గీళ్లు సూడనీ. డాక్టరమ్మకు నేను నోటితోనే చెప్త."

దవాఖాన దారిలో ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. మరిచిపోతానేమోనని బుచ్చవ్వ ఆ మాటను పైకే అనుకుంటోంది, మళ్లీ మళ్లీ. ఆటో అతను అద్దంలోంచి కళ్లు పెద్దవి చేసి చూశాడు. పచ్చలైటు పడినా అతని చూపు అద్దం వదల్లేదు. సుమలత తిట్టడానికి నోరు తెరిచేలోపే బుచ్చవ్వ అందుకుంది.

"ముందట సూసి నడుపు బిడ్డా. నాకు టైం లేదు."