టోకెన్ నంబరు 5318

త్రినాథరావు తను లేత్ మీద తిప్పిన ఇనప బుష్షుని మూడోసారి కొలిచాడు. మొదటిసారీ కొలత సరిగ్గానే ఉంది, రెండోసారీ సరిగ్గానే ఉంది. చల్లారిన ఇనుము తనంతట తాను పెరగదు, తరగదు. భిలాయి స్టీల్ ప్లాంటు మెషీన్ షాపులో ముప్పై నాలుగేళ్ళు లేత్ నడిపిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా చేతులు ఊరుకోవడం లేదు. వెర్నియర్ పక్కన పెట్టాడు. నూనె డబ్బా జరిపి, మళ్ళీ ఉన్నచోటికే తెచ్చాడు. గుమ్మం దాకా వెళ్ళి రోడ్డు చూసొచ్చాడు. రోడ్డు మీద కొత్తగా ఏమీ లేదు. క్యాంప్ 2లో పొద్దున్న తొమ్మిదింటికి ఉండే రద్దీయే ఉంది.

పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి లేత్ మీదకు వంగి ఎడమ భుజం కాస్త కిందికి దిగిపోయింది. ముంజేతుల మీద, వేడి రజను ఎగిరి పడ్డ చోటల్లా ఆవగింజంత తెల్ల మచ్చలు. కళ్ళజోడు జారకుండా వెనక నల్లతాడు. రిటైరై మూడేళ్ళయినా ప్లాంటు ఖాకీ చొక్కాయే వేసుకుంటాడు. సెక్టర్ 4 క్వార్టరు ఖాళీ చేసి క్యాంప్ 2లో రెండు గదుల ఇంట్లోకి మారిన నెలలోనే, సాహూ అనే ఆయన రేకుల షెడ్డులో ఉన్న ఈ పాత లేత్ దగ్గర చేరిపోయాడు. ఇంట్లో కూర్చోమంటే అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

చెప్పుకోదగ్గ జీవితమేమీ కాదు. ఆమదాలవలస దగ్గరి పల్లెనుంచి పంతొమ్మిదేళ్ళకు బావ వెంట భిలాయి వచ్చాడు. పేరు పేపర్లో ఒక్కసారే పడింది, అది కూడా రిటైరయినవాళ్ళ జాబితాలో, అచ్చుతప్పుతో. అయితే అతను చేసిన ప్రతి వస్తువు మీదా నంబరు మాత్రం తప్పు లేకుండా పడింది. అది ప్లాంటులో అతనికిచ్చిన టోకెన్ నంబరు, 5318.

వాళ్ళ షాపులో పద్ధతి అది. ఏ టర్నరు చేసిన పనిమీద ఆ టర్నరు టోకెన్ నంబరు ఉండాలి. పని చెడితే ఎవర్ని తిట్టాలో తెలియడానికి పెట్టిన పద్ధతి. అందరూ విసుక్కుంటూ వేసేవారు. త్రినాథరావు ఒక్కడే ముచ్చటపడ్డాడు. మొదటి ఏడాదే గట్టి ఉక్కుముక్క మీద నాలుగంకెలూ తిరగేసి చెక్కి, నంబరు అచ్చు కొట్టే వేలెడు పొడవు పంచి చేసుకున్నాడు. పనికి ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ వేస్తే అంకెలు రెండుగా పడతాయి. "పెళ్ళైతే పెళ్ళానికి కూడా ఏసేస్తావేట్రా?" అని పక్క లేత్ మీద పనిచేసే స్నేహితుడు దుర్గారావు ఆటపట్టించేవాడు. పెళ్ళానికి వెయ్యలేదు గానీ నూకాలమ్మ రోకలి పొన్ను మీద వేశాడు. ఇక్కడ సాహూ షెడ్డులో ఏ పద్ధతీ లేదు, అడిగేవాడూ లేడు. అయినా వేస్తూనే ఉన్నాడు.

తొమ్మిది రోజుల కిందట పక్కింటి విమలకుమారి, అరుగుమీద కూర్చుని కళ్ళొత్తుకుంటూ ఆ నంబరే చెప్పింది.

రెండేళ్ళ కిందట ఆ వీధిలోంచి పెళ్ళి ఊరేగింపు పోతుంటే, ఎవరో సరదాకి నాటు పిస్తోలు పేల్చారు. డాబా మీంచి చూస్తున్న విమలకుమారి కూతురు మెర్లిన్ మోకాలు చితికిపోయింది. అప్పటికి దానికి పదిహేడు. పేల్చింది ఎవరో ఆ గుంపులో తేలలేదు. పిస్తోలు మాత్రం ఉదయ్‌కుమార్ స్కూటర్ డిక్కీలో దొరికింది. ఉదయ్ ఎవరో కాదు, దుర్గారావు కొడుకు.

"కాల్చినోడు దొరక్కపోయినా, లైసెన్సు లేని తుపాకీ ఉంచుకున్నందుకైనా లోపలేస్తారనుకున్నామండీ అన్నయ్యగారూ," అంది విమలకుమారి. "ఇప్పుడది కూడా లేదంట. తుపాకీ దొరికినప్పుడు సంతకాలు పెట్టినోళ్ళిద్దరూ మేం చూడలేదనేశారంట. నాది కాదు, పోలీసులే పెట్టారంటున్నాడు వాడు. దాని గొట్టం మీద ఏదో నంబరుందంట, 5318 అని. అదేంటో ఎవరికీ తెలవదంట."

త్రినాథరావు చేతిలో టీ గ్లాసు కిందపెట్టాడు. అప్పట్నించి అతనికి నిద్ర లేదు, తిండి సయించడం లేదు, కొలిచినదే కొలుస్తున్నాడు.

సాహూ షెడ్డులో చేరిన కొత్తలో ఎనిమిది గొట్టాలు చేసిచ్చాడు ఉదయ్‌కి. "ఉతైలో పొలాలకి మందుకొట్టే పంపులు మావయ్యా, దానికి," అని కాగితం మీద బొమ్మ చూపించాడు వాడు. మందుకొట్టే పంపుకి అంత మందం గోడ ఎందుకని చెయ్యి అడిగింది. నోరు అడగలేదు. దుర్గారావు కొడుకు. పైగా, "లోపల నున్నగా రావాలి, మీ చేతికి తప్ప రాదు," అన్నాడు. రిటైరయిన తర్వాత ఆ మాట అన్నవాడు వాడొక్కడే. పొంగిపోయి చేశాడు. ఎనిమిదింటి మీదా ఒక్కొక్క దెబ్బతో నంబరు కూడా వేశాడు.

బయట స్కూటర్ ఆగింది. ఉదయ్ లోపలికి వస్తూనే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ముప్పై ఏళ్ళుంటాయి. బెయిల్ మీద ఉన్న మనిషిలా లేడు, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు సెంటు కొట్టుకుని ఉన్నాడు.

"ఏటి మావయ్యా, తబియత్ బాగుందా?"

"ఇలాగున్నాను. కోర్టు ఇయ్యాలే కదేటి?"

"మధ్యాన్నం. ఆఖరి పేషీ. పై వారానికి కేస్ ఖతమ్. టెన్షనే లేదు." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి లేత్ మీద పరిచాడు. అదే బొమ్మ. "ఈసారి ఇరవై కావాల. సాహూకి చెప్పక్కర్లేదు."

త్రినాథరావు కాగితం కేసి చూస్తూ నిలబడ్డాడు.

"నంబరొకటి ఎయ్యకు మావయ్యా," అన్నాడు ఉదయ్ గొంతు తగ్గించి. "అదెవరి నంబరో చిన్నప్పట్నించీ నాన్న నోట వింటూనే ఉన్నాను. పోలీసులకి చెప్పానా? అప్‌నా ఆద్మీవి, మనోడివి. చెప్పను కూడా." నవ్వి, ముసలాయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక కూడా త్రినాథరావు కదల్లేదు. భయమేసింది. ఆ భయం మీద కోపం వచ్చింది, కోపం మీద సిగ్గు. తన నంబరునే తన మెడకి పలుపుతాడులా కట్టి పట్టుకున్నాడు కుర్రవెధవ. ఒక గొట్టం కోర్టులో ఉంది. మిగతా ఏడూ ఎవరి ఇళ్ళల్లో, ఎవరి నడుముల్లో ఉన్నాయి? ఇప్పుడు ఇంకో ఇరవయ్యట.

కింది సొరుగు లాగి గుడ్డలో చుట్టిన ఇత్తడి తొడుగు తీశాడు. మెర్లిన్ ఊతకర్ర అడుగున రబ్బరు నెలకోసారి అరిగిపోతోందని, లోపల దళసరి రబ్బరు బిగించి తనే చేశాడు. చేసి వారమైంది. ఇవ్వలేకపోయాడు. నంబరు వెయ్యకుండా ఇస్తే తను చేసిన పనిలా లేదు. నంబరు వేసి ఇచ్చే మొహం లేదు.

తొడుగుని వైసు దవడల మధ్య బిగించి, పంచి ఆనించి, సుత్తి ఎత్తాడు.  పంచి నిటారుగా ఉందో లేదో మరోసారి చూసుకున్నాడు. ఒక్క దెబ్బ వేశాడు.

తరవాత మెయిన్ ఆపి, లేత్ తుడిచి, నూనె రాసి, గోనె కప్పాడు. బొమ్మ కాగితం, పంచి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

నూకాలమ్మ తోటకూర బాగుచేస్తోంది. "ఇంత పెందలాడే వచ్చీసినావేటి?"

"దుర్గ్ ఎల్లాల. కోర్టుకి. తెల్ల సొక్కా తియ్యి."

"కోర్టులో నీకేటి పని?"

గడప మీద కూర్చుని, మూలనున్న రోకలి కేసి చూస్తూ చెప్పాడు. ఆవిడ చేతిలో కూర చేతిలోనే ఉండిపోయింది.

"తెలిసే సేసినావా?" అంది చివరికి.

"అడగలేదే. అడిగితే తెలిసిపోద్దని అడగలేదు."

"నిన్నూ లోపలేసేస్తారు."

"ఏసినా ఏసెయ్యొచ్చు."

"దుర్గారావన్నకి ఏటి సెప్పుకుంటాం? రేపు ఆల్ల మొకం సూడాలా, అక్కర్లేదా?" అంటూ ఏడుపు మింగుకుంది. "రోజూ కర్ర టకటకలాడించుకుంటా ఆ పిల్ల మనింటి ముందు నుంచే ఎల్తాది." ఎవరితో అంటోందో ఆవిడకే తెలియలేదు. లేచి వెళ్ళి తెల్ల చొక్కా తెచ్చింది. గిన్నెలో పెరుగన్నం కలిపి ముందు పెట్టింది. అతను రెండు ముద్దలు తిన్నాడు. బీపీ బిళ్ళల అట్ట ఆవిడే అతని జేబులో పెట్టింది, ఒకటి కాదు, రెండు అట్టలు.

పక్కింటికి తాళం వేసి ఉంది. తల్లి డ్యూటీకి, కూతురు కాలేజీకి పోయారు. ఇత్తడి తొడుగుని వాళ్ళ కిటికీ గూట్లో పెట్టి ఆటో ఎక్కాడు.

దుర్గ్ కోర్టులో సర్కారు వకీలు గది వెతుక్కోవడానికే గంట పట్టింది. వకీలు, జలుబుతో ముక్కు తుడుచుకుంటున్న నడివయసు ఆవిడ. హిందీలో ఏంటని అడిగింది. త్రినాథరావు ప్లాంటు హిందీలో మొదలుపెట్టాడు, మాటలు చాల్లేదు. పంచిని ఆవిడ బల్లమీది సిరాదిండులో అద్ది తెల్లకాగితం మీద నొక్కాడు. 5318. ఆవిడ ఫైలు తెరిచి, పిస్తోలు ఫొటో పక్కన ఆ కాగితం పెట్టి చాలాసేపు చూసింది. ఎనిమిది అంకెలో కింది సున్నా కొంచెం నొక్కుకుపోయినట్టుంటుంది. ఫొటోలోనూ అలాగే ఉంది. తర్వాత అతను బొమ్మ కాగితం తీసి పరిచాడు, పొద్దున్న వాడు తెచ్చిందని చెప్పాడు.

"బాబాజీ, బాగా ఆలోచించుకున్నారా?" అంది ఆవిడ హిందీలోనే. "మీ మాటతో వాడు తప్పించుకోలేడు. కానీ తయారుచేసింది మీరు. మీమీద కూడా కేసవుతుంది."

"మాలూమ్ హై మేడమ్," అన్నాడు, తెలుసన్నట్టు తలూపుతూ. "ఔర్ సాత్ పైప్ హై. బాహర్ హై." ఇంకో ఏడు గొట్టాలు బయట తిరుగుతున్నాయని చెప్పడం అతని ఉద్దేశం.

మధ్యాహ్నం కోర్టు హాల్లో ఉదయ్ అతన్ని చూసి ముందు నవ్వాడు, తనకోసమే వచ్చాడనుకుని. వకీలు చేతిలో బొమ్మ కాగితం చూశాక నవ్వు ఆగిపోయింది. జడ్జిగారు వకీలు పెట్టిన దరఖాస్తు తీసుకుని, కేసు మూసెయ్యకుండా ఆపి, ముసలాయన చెప్పేది రాసుకోమన్నారు. అంతా కలిపి పావుగంట కూడా పట్టలేదు. మెట్ల దగ్గర, "సొంతమనిషివి గదా మావయ్యా!" అని అరిచాడు ఉదయ్.  సొంతమనిషి కాబట్టే ఇన్నాళ్ళూ నోరెత్తలేదని అనాలనిపించింది త్రినాథరావుకి. మెట్లు దిగి బల్లమీద కూర్చున్నాడు.

నాలుగింటికి ఒక హవల్దారు వచ్చి, పంచి తీసుకుని కవర్లో వేసి లక్క సీలు కొట్టాడు. "ఠానాకి వెళ్దాం, చాచా," అన్నాడు. సంకెళ్ళు వెయ్యలేదు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి త్రినాథరావు చేతులు కదలకుండా ఒళ్ళో ఉన్నాయి. వెళ్ళేటప్పుడు జీపు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు, బయటికి చూస్తూ. ఆ రాత్రి ఇంటికి రాలేదు. మర్నాడూ రాలేదు.

మెర్లిన్ మాత్రం ఆ సాయంత్రమే తాళం తీయబోతూ గూట్లో తళుక్కుమన్నది చూసింది. తీసి, అరుగుమీద కూర్చుని, అరిగిన రబ్బరు ఊడబీకి, కర్ర అడుగున తొడుక్కుని చూసుకుంది. వెంట్రుకవాసి వదులు లేకుండా పట్టింది. ఎవరు చేశారో అడగక్కర్లేదు, ఆ వీధిలో అలా చేసే చెయ్యి ఒక్కటే. నాలుగడుగులు వేసింది. కర్ర జారలేదు. కర్ర ఎత్తి తొడుగు తడిమితే అంచున ఏదో గీత వేలికి తగిలి, వెలుతురుకి తిప్పింది.

ఇత్తడి అంచు మీద, ఒక్క దెబ్బతో, స్పష్టంగా పడి ఉంది: 5318.