ఆకలి చెయ్యి

మా ఆయన వీరభద్రం పేరు వరంగల్‌లో నలుగురికీ తెలిసింది ఒక చెయ్యి వల్ల. ఆ చెయ్యి ఆయనది కాదు.

కరువు ఏడాది, పేపర్లో కొత్తగా చేరిన రోజుల్లో, ములుగు అవతల ఒక ఊళ్లో తీసిన ఫొటో అది. చంకలో బిడ్డ, కెమెరా వైపు చాచిన తల్లి అరచెయ్యి. కింద 'ఆకలి చెయ్యి' అని వేశారు. దానికి హైదరాబాద్‌లో శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు మా చంటిబిడ్డ సమ్మమ్మ కింద పరిచి ఉంటుంది. బిడ్డ దాన్ని తడిపినప్పుడల్లా ఆయన ముఖం చూడాలి.

ఫొటోకు పదేళ్లు నిండాయని ఆదివారం పేజీ వేయడానికి పేపర్ నుంచి రాజేశ్వర్ రావు అన్న కొత్తవాడలో మా ఇంటికి వచ్చాడు. మా ఆయన బిస్కెట్ల డబ్బాలోంచి పాత నెగటివ్‌లు తీసి కథ మొదలుపెట్టాడు.

"మూడొద్దుల సంది తిన్లేదు సార్ ఆమె. నా టిఫిన్ డబ్బ ఆమెకే ఇచ్చిన."

మా పెళ్లి కొత్తలో చెప్పిన కథలో టిఫిన్ డబ్బా లేదు.

చాయ్ ఇచ్చి, నేనూ ఒక నెగటివ్ ముక్కను కిటికీ వెలుగుకు పట్టి చూశాను. నెగటివ్‌లో ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటాయి. ఆ బిడ్డ నల్లటి బుగ్గ మీద తెల్లని చుక్క కనిపించింది. తల్లి పెట్టిన కాటుక దిష్టిచుక్క! గోడ మీది ఫొటోలో అది లేదు. మచ్చ అనుకుని ఈయన చెరిపేసి ఉంటాడు.

పక్క బొమ్మలు కూడా చూశాను.

"ఏమయ్యా, ఈమె అడుక్కుంటలేదు. ఫొటో తియ్యొద్దని చెయ్యి అడ్డం పెట్టింది. దీంట్ల బిడ్డ మొకం మీద కొంగు కప్పింది. గీ పక్కదాంట్ల మట్టిపెడ్డ పట్టుకున్నది."

"ఏడో తరగతిల బడి ఇడిసినదానివి, నీకేం తెలుస్తది? నెగటివ్‌ల అంతా ఉల్టా కనవడ్తది."

"ఉల్టా అయితే పెడ్డ నీ చేతుల ఉండాలె గద!"

ఆ తర్వాతి బొమ్మలో మనిషే లేదు. వంకరగా ఆకాశం, మూలన తాటిచెట్టు తల. ఈయన పరుగెత్తుతుంటే కెమెరా నొక్కుకుపోయిందన్నమాట. అదీ పేపర్లో పడింది, 'మబ్బు జాడలేని నింగి' అని.

రాజేశ్వర్ రావు అన్నకు నవ్వుతో చాయ్ పొలమారింది. అయినా పేజీ మాట వదల్లేదు.

"గవన్నీ ఇప్పుడెందుకు చెల్లె? పాత ఫొటో పక్కన కొత్తది కావాలె. 'నాటి ఆకలి, నేటి తృప్తి'. మీ పాప మంచిగ బొద్దుగున్నది."

సమ్మమ్మకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. దీనికి మేడారంలో పుట్టువెంట్రుకలు తీయించేదాకా ఫొటో తీయనని బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒప్పుకున్నది ఈయనే.

"మొక్కు ఇంక తీరలేదయ్యా. వద్దు."

"ఒక్క క్లిక్కే. అమ్మవారు పేపర్ చదువుతదా?"

కెమెరా పైకి లేచింది. బిడ్డను చంకలోకి లాక్కుని చెయ్యి అడ్డం పెట్టాను.

"అగ్గో! గదే చెయ్యి! కదలకు!" అని నొక్కాడు. పదేళ్లలో మనిషి నేర్చుకున్నది అదీ.

మా ఇంటి నాపరాళ్ల మీద విసరడానికి మట్టిపెడ్డలు ఎక్కడివి? ఆయన కెమెరా స్టూలు మీద పెట్టి, ఫొటో పేజీలో పైన రావాలా కింద రావాలా అని అన్నతో వాదిస్తుంటే, నేను కెమెరా తీసుకుని వాకిట్లో ఎండలో దాని వెనక మూత తెరిచాను. ఫొటోగ్రాఫరు పెళ్లానికి ఆ మాత్రం తెలుసు.

"అయ్యో! రీలు! రీలు పోయిందే!"

"మబ్బులేని నింగి ఉన్నది గద. గదే ఏసుకో!"

ఆదివారం పేజీలో పాత చెయ్యి ఒక్కటే పడింది. కింద మళ్లీ 'ఆకలి' అనే.

ఆశ చావక ఆయన ఆ రీలు కడిగి దండెం మీద ఆరేశాడు. ఎండ తగిలిన రీలు కదా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నల్లగా వేలాడింది. బిడ్డకు అంత పొడుగు దిష్టిచుక్క కొత్తవాడలో ఏ తల్లీ పెట్టి ఉండదు.